వానను పట్టిన కోటలు

అనంతపురం సీమలో కోటలు చూడాలంటే వానలో చూడాలి. ఎండాకాలం వెళితే గోడలు కనిపిస్తాయి, బురుజులు కనిపిస్తాయి, పైనుంచి కనుచూపుమేర మెట్టపొలాలు కనిపిస్తాయి. కట్టినవాళ్ల అసలు పనితనం మాత్రం కనిపించదు. అది నీళ్లు పారేటప్పుడే బయటపడుతుంది.

ఇక్కడ వాన ఎంత పడుతుందో తెలిస్తే ఆ పనితనం విలువ తెలుస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుంటాయి. బంగాళాఖాతం వాయుగుండాలు కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి సత్తువ కోల్పోతాయి. రెండు వైపులా చివరి పంక్తిలో కూర్చున్న నేల ఇది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మాత్రం కొన్నాళ్లు ముసురు పడుతుంది. ఆ ముసురులో 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి నుంచి పెనుకొండ వైపు కారులో వస్తుంటే, పీకి కుప్పలేసిన వేరుశనగ మీద పట్టలు కప్పడానికి పరుగెత్తే రైతులు కనిపిస్తారు. దూరంగా, తడిసి నల్లబడిన కొండబండల మీద తెల్లని చారలుగా నీళ్లు దిగుతుంటాయి. ఆ చారలు ఎటు పోతున్నాయో చూపుతో వెంబడిస్తే చాలు, కోట కట్టడం వెనక ఉన్న ఆలోచన అంతుపడుతుంది.

గుత్తి అనంతపురానికి ఉత్తరాన 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరి మీద సుమారు 300 మీటర్ల ఎత్తున లేచిన కొండ, దాన్ని శంఖంలా చుట్టుకుంటూ ఎక్కే ప్రాకారాలు, వరసగా పదిహేను ముఖద్వారాలు. ఇక్కడి పాత శాసనాలు పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలం (1076–1126) నాటివి. తర్వాత విజయనగర బుక్కరాయల కాలంలో వేసిన శాసనం ఈ కోటను కోటలకే రాజుగా కీర్తించింది. అంత పేరు రావడానికి ఎత్తు ఒక్కటే కారణమైతే, ఈ సీమలో ఇంత ఎత్తు కొండలు ఇంకా చాలానే ఉన్నాయి.

మొదటి ద్వారం దగ్గర గొర్రెల్ని గోడవారకు తోలి నిలబడ్డ పెద్దాయన, "వాన్లో బండ జారతాది సార్, మెట్లమీదనే పోండి" అని హెచ్చరించాడు. మంచి సలహా. మెట్ల మీదే నెమ్మదిగా పోతే గోడ పక్కనే నడుస్తాం, రాయి రాయినీ చూస్తాం.

ఆ గోడలో ఒక్క రాయి దగ్గర ఆగుదాం. అంచు పొడవునా వరసగా, సమాన దూరంలో, వేలు పట్టేంత గుంతలు. ఎండలో అవి కంటికి ఆనవు. వానలో ఒక్కో గుంతలో నీరు నిలిచి మెరుస్తుంటే రాయిని ఎలా చీల్చారో చదివినంత సులువుగా తెలుస్తుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి నల్లసేనపు రాయి ఇది. సమ్మెటతో బాదితే ముక్కలవుతుంది తప్ప చెప్పినమాట వినదు. అందుకే పనివాడు ముందు దాని పొర ఎటు ఉందో చూసుకున్నాడు. ఆ వారగా గుంతలు తొలిచాడు. చీలలు దిగ్గొట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా అన్నింటి మీదా సమంగా దెబ్బ వేస్తూ పోయాడు. చివరికి రాయి తన గీత మీదే తాను విడిపోయింది. గుంతల వరస తిన్నగా ఉందంటే ఆ చెయ్యి ఎంత స్థిమితంగా కదిలిందో ఊహించుకోవచ్చు.

ఇలా చీల్చిన రాళ్లలో ఏ రెండూ ఒక కొలతవి కావు. ఒకదాని వంపుకు ఇంకోదాని వంపును సరిచేసి పేర్చారు. విజయనగర కాలపు కోటగోడల పద్ధతిలో రాయి వెడల్పు ముఖం బయటికి ఉంటుంది, సన్నబడిన తోక గోడ లోపలికి పోయి మట్టీ రాళ్లూ నింపిన గర్భాన్ని పట్టుకుంటుంది. మధ్యలో సున్నం లేదు. దీన్ని సున్నం దొరకని లోటనుకోకూడదు. వాలు మీద అడ్డంగా కట్టిన గోడకు శత్రువు కన్నా ముందు వచ్చే ముప్పు నీరు. వెనక మట్టిలో వాననీరు నిలిచి ఉబ్బితే ఎంత మందం గోడైనా ముందుకు ఒరుగుతుంది. సున్నం లేని కీళ్లలోంచి ఆ నీరు కారిపోతుంది. ముసురు పట్టిన రోజు గోడ ముఖం మీద సందు సందునా సన్నగా కారే ధారలు అదే సంగతి చెబుతాయి. ఈ గోడలు ఇన్ని వందల వానాకాలాలు నిలబడ్డాయంటే, నీటికి దారి ఇచ్చాయి కనుకనే నిలబడ్డాయి.

గోడ నీటిని వదిలేస్తుంది. బండ దాన్ని పట్టి ఇస్తుంది. గుత్తి కొండమీద కొన్ని చోట్ల రాతికొండ నిలువునా పగిలి లోతైన చీలికలు పడ్డాయి. కోట కట్టినవాళ్లు బావులు, నీటి తొట్లు చాలావరకు ఆ చీలికల్లోనే ఏర్పాటు చేసుకున్నారు. ఊళ్లో చెప్పుకునే లెక్కయితే నూట ఎనిమిది బావులు. లెక్క ఎలా ఉన్నా ఎంచుకున్న చోటును మెచ్చుకోవాలి. చీలిక పక్కలు రెండూ దేవుడు కట్టిన గోడలు. పల్లం వైపు అడ్డుగోడ కట్టి, కారిపోయే సందుల్ని గచ్చుతో మూసేస్తే తొట్టి తయారు. ఇరుకుగా, లోతుగా ఉంటుంది కాబట్టి ఎండ నేరుగా నీటి మీద పడేది కొద్దిసేపే. ఈ సీమలో చెరువు నీళ్లలో పెద్ద వాటాను ఎండే తాగేస్తుంది. ఆ ఎండకు ముఖం చాటేసిన నీళ్లివి.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక చదరపు మీటరు బండ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వెయ్యి చదరపు మీటర్ల పరుపుబండ ఏడాది వాన మొత్తం మీద 5,50,000 లీటర్లు దించుతుంది. ఆరిపోయేదీ చిందిపోయేదీ పోగా సగం మిగిలినా అది కొండమీది కాపలా దళాన్ని నెలల తరబడి నిలబెట్టే నీరు. అసలు కిటుకు ఇంకా లోతైనది. పది మిల్లీమీటర్ల జల్లు పొలంలో పడితే మట్టి తడవడానికే సరిపోతుంది, చెరువుకు చుక్క చేరదు. అదే జల్లు ఆ బండ మీద పడితే పదివేల లీటర్లు పరుగెడతాయి. బండ నీళ్లు తాగదు. కరువుసీమలో పెద్దవాన కోసం కాచుకు కూర్చోకుండా, చిన్నవానను వృథా పోనివ్వని చోటు ఏదంటే కొండ నెత్తిన ఉన్న నున్నని బండే. కోటకు కొండను ఎంచుకున్నవాడు శత్రువునూ చూశాడు, మేఘాన్నీ చూశాడు.

ఈ నీటి విలువ ఎంతో 1776లో తేలిపోయింది. అప్పటికి గుత్తి మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే రాజధాని. పైన కొండ అంచున, సున్నపు నునుపు ఇంకా మిగిలిన చిన్న మంటపాన్ని నేటికీ మురారిరావు గద్దె అనే అంటారు. హైదర్ అలీ ముట్టడించినప్పుడు కింది కోట, పేట ముందుగా పోయాయి. జనం, గుర్రాలు, పశువులు అన్నీ పైకోటలోకి ఎక్కాయి. గోడ పగల్లేదు, తలుపు విరగలేదు. తొట్లు అడుగంటాయి. కొండను పట్టుకుని నిలిచిన మురారిరావు దాహం ముందు లొంగిపోయాడు, బందీగానే కబ్బాలదుర్గంలో కన్నుమూశాడు. తొట్లు కట్టినవాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. కాపలా దళానికి కొలిచి దాచిన నీళ్లను ఊరు ఊరంతా వచ్చి తాగాల్సి వచ్చింది.

ఇంత తెలివి ఒకరిద్దరి చేతివాటం కాదు, అదొక శాస్త్రంగా నడిచింది. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు అది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తప్పించుకోవాల్సిన ఆరు దోషాలు ఆ రాతిమీద చెక్కించాడు. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టినేల కావాలి, కట్ట మరీ పొడవు కాకుండా బిగువుగా ఉండాలి, దగ్గరలో తిన్నని పొడుగు రాళ్లు దొరికే గని ఉండాలి, పని తెలిసిన మనుషుల బృందం ఉండాలి. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం దోషాల్లో కొన్ని. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని సాగిందనీ రాయించాడు. దానికి ఐదేళ్ల ముందే, 1364లో, బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగుకు కట్ట వేసి చెరువు నిలబెట్టాడు. ఆ కట్ట కొసల్లో వెలసినవే బుక్కరాయసముద్రం, అనంతసాగరం. నేటి అనంతపురం ఆ చెరువు కన్నబిడ్డ.

పెనుకొండకు వచ్చేసరికి ఈ చదువు ఒక రాజధానినే మోసింది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు హంపీని వదిలి పీఠాన్ని ఇక్కడికే తెచ్చాడు. ఎర్రమంచి ద్వారంలో నిలువెత్తు హనుమంతుడు, ఊళ్లో గగన్‌మహల్. కింద కోణపు ఆర్చీలు, పైన గుడిగోపురం తీరు శిఖరం. తురుష్క శైలి, ద్రావిడ శైలి ఒకే కప్పు కింద ఇరుకు పడకుండా ఒదిగిపోయాయి. కొండ పాదాన భోగసముద్రం చెరువు. కొండ వాలు మీద దిగిన నీళ్లు చెరువుకు, చెరువు ఊట ఊరి బావులకు, బావులు తోటలకు. రాజధాని ఒకటి వచ్చి మీద పడ్డా ఆ గొలుసు తెగలేదు. ఆ ద్వారం పేరున్న ఎర్రమంచి ఊరి దగ్గరే నేడు కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. దానికీ ముందుగా గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లు చూపించాల్సి వచ్చింది. కోట కట్టినవాడికైనా, ఫ్యాక్టరీ పెట్టినవాడికైనా ఈ నేల వేసే మొదటి ప్రశ్న మారలేదు.

వాన ఎక్కువైన దేశంలో రాతిపనివాడి కష్టం వేరేగా ఉంటుంది. ఐర్లండులో కాషెల్ కొండ మీద 1134లో ప్రతిష్ఠించిన కోర్మాక్ ప్రార్థనామందిరం ఉంది. పైకప్పు సహా అంతా రాయే. ఆ ఇసుకరాయి వందల ఏళ్లు వాననీటిని పీల్చి, లోపలి వర్ణచిత్రాలు దెబ్బతింటుంటే, ఈ మధ్య కొన్నేళ్లపాటు కట్టడం మొత్తానికి తాత్కాలిక కప్పు వేసి ఆరబెట్టారు. అక్కడి మేస్త్రి వానను బయట ఆపడానికి తల బద్దలు కొట్టుకున్నాడు. మనవాడు దాన్ని లోపలికి పిలవడానికి కొండంతా తీర్చిదిద్దాడు. ఎవరి ఆకాశానికి తగ్గ విద్య వాళ్లది.

గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గోడలకు మరమ్మతులంటే అందరికీ గుర్తొస్తుంది. తొట్లలో, బావుల్లో చేరిన పూడిక మాత్రం ఎవరి కంటికీ ఆనదు. నా మనవి ఒకటే. కోటను కాపాడటమంటే నీటిదారుల్ని కూడా కాపాడటమని లెక్క వేయాలి. పూడిక తీస్తే ఆ తొట్లు ఇప్పటికీ నిండుతాయి, ఎందుకంటే బండా మారలేదు, వాలూ మారలేదు. చెక్‌డ్యాముల గురించి, ఇంకుడుగుంతల గురించి బడిలో పాఠాలు చెప్పే మనం పిల్లల్ని ముసురు రోజున ఒకసారి ఈ కొండ ఎక్కించాలి. మన తాతముత్తాతలు కరువును తిట్టుకుంటూ కూర్చోలేదనీ, చినుకు చినుకుకూ చోటు చూపించారనీ అక్కడి రాళ్లే వాళ్లకు నేర్పుతాయి.