గుడికీ గుడిసెకీ చుట్టరికం

మన వలస కథల్లో గుడిసె అంటే వదిలివచ్చిన పేదరికం, గుడి అంటే వారాంతపు భక్తి. రెండూ ఒక తల్లి పిల్లలన్న సంగతి కథకులకు పట్టినట్టు లేదు.

బరో, ఎమెనో 1961లో తెచ్చిన ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువు తమిళ 'కుడి'ని, మన గుడినీ గుడిసెనీ ఒకే పద్దులో చేర్చింది. (అక్షరం మీద పెట్టే గుడి వేరే కథ.) తమిళంలో కుడి అంటే ఇల్లు, కుటుంబం, వంశం, ఊళ్ళో కాపురమున్న రైతు కూడా. కన్నడంలో గుడికి ఇల్లనీ, దేవాలయమనీ రెండర్థాలు. తెలుగులో పెద్ద మాట దేవుడికి దక్కింది, మనుషులకు గుడిసె మిగిలింది! కోవెలదీ ఇంచుమించు ఇదే దారి. తమిళ కోయిల్‌లో 'కో' రాజు, 'ఇల్' ఇల్లు.

ఇక్కడ సిటీవెస్ట్‌లో లువాస్ ఎక్కితే చివరి స్టాపు సాగర్ట్. బోర్డు మీద ఐరిష్ పేరు 'చాఖ్ సాగర్డ్'. చాఖ్ అంటే ఇల్లు. ఏడో శతాబ్దపు సన్యాసి మోసాక్ర మఠం అది. ఇంగ్లీషు నోళ్ళలో టాసాగర్ట్, ఆపైన సాగర్ట్ అయింది. ఇల్లు రాలిపోయింది, సన్యాసి మిగిలాడు.

మన కథలు కూడా ఇల్లు రాల్చేసి దేవుణ్ణే ఉంచుకుంటున్నాయి. అద్దె హాల్లో పటం పెట్టి పండగ చేసుకుంటూ, ఊళ్ళో గుడి లేదని బెంగపడే పాత్రలు ఎందరో! పది కుటుంబాలు పులిహోర పంచుకుని, పిల్లల్ని కోట్ల మీద పడుకోబెట్టుకున్న ఆ హాలు పాత అర్థంలో గుడే కదా. కథకుడు మాత్రం హారతి దగ్గరే ఆపేస్తాడు. ఆ తర్వాత కుర్చీలు సర్దుతూ వాళ్ళేం మాట్లాడుకున్నారో రాయడు.