అసలు వస్తే చాలు

భీమవరం జువ్వలపాలెం రోడ్డులో ఒక మేడ మీద షేర్ బ్రోకర్ ఆఫీసు ఉండేది. ఇరుకు గది, నాలుగు కుర్చీలు, ఒక కంప్యూటరు. 2005 నుంచీ, నేను పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులిస్తే చాలు, పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా వెళ్ళి ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చునేవాణ్ణి. అక్కడ రోజుకి పదిసార్లైనా వినపడే మాట ఒకటుంది. "అసలు వస్తే చాలండీ, అమ్మేసి బయటపడతాను."

అప్పట్లో ఆ మాట బుద్ధిమంతుల మాటలా తోచేది. లాభం అక్కర్లేదు, పెట్టింది వస్తే చాలంటున్నారు, ఇంతకన్నా నిదానస్తులు ఎవరుంటారనుకునేవాణ్ణి. నేనూ అలాగే అనడం నేర్చుకున్నాను. ఇరవయ్యేళ్ల తర్వాత నా నోటుపుస్తకం తిరగేస్తుంటే, నేను పోగొట్టుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఆ మాట పట్టుకుని కూర్చున్నందుకే పోయిందని తెలుస్తోంది.

కొన్న ప్రతి షేరుకీ ఆ పుస్తకంలో ఒక పేజీ ఉంది. తేదీ, రేటు, ఎన్ని, ఎందుకు. 2007 నవంబరు పేజీలో ఉన్నది హైదరాబాదులో రోడ్లు, వంతెనలు కట్టే కంపెనీ. 240 రూపాయల చొప్పున 150 షేర్లు. ఎందుకు అన్న చోట "ఆర్డర్లు బాగున్నాయి, అందరూ కొంటున్నారు" అని నా చేత్తోనే రాసుకున్నాను. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటి, అక్కణ్ణించి జారడం మొదలుపెట్టింది. మా షేరు 160కి దిగితే, యావరేజ్ అవుతుందని మరో వంద కొన్నాను. మొత్తం 52,000 రూపాయలు, సగటున 208. ఆ 208ని ఎర్ర సిరాతో రాసి చుట్టూ సున్నా చుట్టాను. ఆ అంకె వచ్చేదాకా కదలకూడదని.

2009 మే 18, ఎన్నికల ఫలితాలొచ్చాక తొలి సోమవారం. సెన్సెక్స్ 2,000 పాయింట్లకు పైగా ఎగబాకి, అప్పర్ సర్క్యూట్ తగిలి ట్రేడింగే ఆగిపోయింది. మేడ మీద గదిలో ఆ రోజు నిలబడ్డానికి చోటు లేదు. తర్వాతి కొన్ని వారాల్లో నా షేరు పెరిగి పెరిగి 195కి వచ్చింది. అమ్మితే 48,750 రూపాయలు చేతికొచ్చేవి. కానీ ఎర్ర సున్నాలో ఉన్నది 208. ఇంకో 13 రూపాయలే కదా అని ఆగాను.

అంతే, మళ్ళీ ఆ రేటు చూడలేదు. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, కోర్టుల పాలైంది, చివరికి ట్రేడింగ్ నిలిచిపోయింది. ఆ 250 షేర్లు ఇప్పటికీ నా డీమ్యాట్ ఖాతాలో ఉన్నాయి. కొనేవాడు లేడు కాబట్టి వదిలించుకోవడానికీ వీల్లేదు.

నేను పాఠాలు చెప్పిన ఊరంతా రొయ్యల చెరువులే. చెరువుకి వైట్ స్పాట్ జబ్బు తగిలితే రైతు ఏం చేస్తాడో కళ్ళారా చూశాను. మేత తినడం తగ్గి, రొయ్య గట్టువారకి వచ్చి నీరసంగా తిరుగుతుంటుంది. ఒకటి చేతిలోకి తీసుకుని, తలమీది పెంకు లాగి, వెలుతురుకి పట్టి చూస్తాడు. పెంకు మీద తెల్ల మచ్చ కనబడిందా, ఆ రాత్రే లైట్లు కట్టి, వల దింపి, ఐసు వేసి లారీకెత్తిస్తాడు. కిలోకి వంద తూగే చిన్న రొయ్యే వచ్చినా, పెట్టుబడిలో సగం కూడా రాకపోయినా సరే. మేతకి ఇంతయింది, సీడుకి ఇంతయింది, అసలు వచ్చేదాకా ఆగుతానని ఏ రైతూ గట్టు మీద కూర్చోడు. తెల్లారేసరికి చెరువులో ఏమీ మిగలదని వాళ్లకి తెలుసు. పక్కనే ఉండి రోజూ చూస్తూ కూడా ఆ విద్య నా డబ్బు దగ్గరికి తెచ్చుకోలేకపోయాను.

ఆ చెరువులే నాకు మంచి షేరు కూడా చూపించాయి. తొంభైల్లో వైరస్ దెబ్బకి కుదేలైన టైగర్ రొయ్య స్థానంలో, 2009లో ప్రభుత్వం అనుమతిచ్చాక వనామీ వచ్చింది. రెండు మూడేళ్లలో నేను బడికెళ్లే దారిలో వరిచేలు ఒక్కొక్కటే చెరువులయ్యాయి. రొయ్య సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఏ గట్టు మీద చూసినా మేత బస్తాలే, వాటిలో చాలావాటి మీద అవంతి కంపెనీ పేరే. ఫ్యాక్టరీ కొవ్వూరులో, అంటే మా ఇంటికి గట్టిగా రెండు గంటల దూరంలో. 2012లో వంద షేర్లు కొన్నాను. "ఎందుకు" అన్న చోట పేజీ నిండా రాశాను, ఎవరూ చెప్పకుండా నా అంతట నేను రాసిన మొదటి పేజీ అది.

ఏడాది తిరిగేసరికి రేటు రెండింతలు దాటింది. అసలు వచ్చేసింది, పైన అంతే లాభం, ఇంక చాలనుకుని మొత్తం అమ్మేశాను. సరిగ్గా అప్పుడే థాయిలాండ్‌లో ఈఎంఎస్ అనే జబ్బుకి చెరువులకు చెరువులే పోయి, మన రొయ్యకి రేటు ఎక్కుతోంది. మా విద్యార్థుల తండ్రులు కొత్త ఏరేటర్లు కొంటున్నారు. నేను రాసుకున్న కారణం ఒక్కటీ మారలేదు, పైగా బలపడింది. అవన్నీ చూస్తూనే అమ్మాను. 2015లో ఆ షేరు ఒక్కటి ఐదైంది. 2018లో ఒక్కటి రెండై, ఆపై రెండుకి ఒకటి బోనస్ వచ్చింది. నా వంద ఉండి ఉంటే 1,500 అయ్యేవి. హైదరాబాదు కంపెనీలో పోయిన 52,000 కన్నా ఇది పెద్ద నష్టం. ఏ స్టేట్‌మెంట్‌లోనూ కనబడని నష్టం కావడంతో చాలాకాలం దాన్ని నష్టమని గుర్తించనే లేదు.

సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుచేసి నాతో వాదించే మిత్రులున్నారు. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ కంపెనీ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజున షేరు 179 నుంచి 40 దగ్గరికి పడింది. నా దగ్గర ఆ షేర్లు లేవు, గోదావరి జిల్లా వాళ్ల కంపెనీ అన్న అభిమానంతో కొన్నవాళ్లు మాత్రం మా వీధిలోనే ముగ్గురున్నారు. ఓపిక పట్టినవాళ్లకి 2013 విలీనంలో 17 షేర్లకి రెండు టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి, 2015లో ఆ ఒక్కొక్కటీ నాలుగయ్యాయి. ఆగితే మేలే జరిగింది కదా అంటారు. నిజమే. కానీ అక్కడ రెండు రోజుల్లో ప్రభుత్వం పాత బోర్డును తీసేసింది, ఏప్రిల్‌లో 58 రూపాయలిచ్చి కొనే సంస్థ ముందుకొచ్చింది. ఆగడానికి కొత్త కారణం పుట్టింది. నా 250 షేర్ల విషయంలో 208 అన్న అంకె తప్ప వేరే కారణం లేదు.

ఇప్పుడు నా దగ్గర ఏడు కంపెనీలే ఉన్నాయి. 2020 మార్చి 23న సెన్సెక్స్ 3,934 పాయింట్లు కూలిన తర్వాతి వారాల్లో అవంతి మళ్ళీ కొన్నాను. ఈసారి పేజీలో కొన్న రేటు రాయలేదు. దాని బదులు "ఏం జరిగితే అమ్మాలి" అని రాసి, కింద "అమెరికా దారి మూసుకుపోతే" అని రాశాను. మన రొయ్యకి అన్నిటికన్నా పెద్ద గిరాకీ ఆ దేశానిదే. 2025 ఆగస్టులో భారత్ సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు సగం అమ్మేశాను. ఫోన్‌లో ఆ షేరు పక్కన ఎరుపు ఉందో పచ్చ ఉందో ఆ పూట చూడలేదు. అమ్మడం మంచిదైందో కాదో చెప్పడానికి ఇంకా టైము పడుతుంది. అమ్మిన కారణం మాత్రం నాకు స్పష్టంగా తెలుసు.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆప్షన్లు ఆడతాడు. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క చెప్పినప్పుడు ఆ వార్త కత్తిరించి వాడికి పంపాను. చదివానన్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేసి, లక్షా నలభై వేలు పోయిందన్నాడు.

"ఇంక మానెయ్యరా."

"మానేస్తాను మావయ్యా. అసలు వస్తే చాలు, ఆ రోజే మానేస్తాను."

నేను లేచి పుస్తకం తెచ్చి, 2007 నవంబరు పేజీ తీసి, మొదటి నుంచి చివరిదాకా వాడికి చదివి వినిపించాను. ఎర్ర సున్నా సంగతీ చెప్పాను. కాసేపు అవతల్నుంచి ఏ చప్పుడూ లేదు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి ఆ పదమూడు రూపాయలు ఎప్పుడైనా వచ్చాయా మావయ్యా?"

రాలేదురా అన్నాను.