పెరియాచ్చి చేతిలోని బిడ్డ

సింగపూర్ లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు మీద ఉన్న శ్రీ వీరమాకాళియమ్మన్ ఆలయానికి తొలిసారి వెళ్ళిన తెలుగువారు ఒక విగ్రహం ముందు కాస్త తడబడతారు. ఒడిలో ఒక స్త్రీని పడుకోబెట్టుకుని, ఆమె పొట్ట చీల్చి పేగులు తీస్తున్న దేవత. కాళ్ళ కింద ఒక రాజు. పైకెత్తిన చేతిలో మాత్రం ఒక పసిబిడ్డ, ఏ దెబ్బా తగలకుండా. ఆమె పేరు పెరియాచ్చి. కథ రకరకాలుగా చెబుతారు గానీ, స్థూలంగా ఆమె ఒక మంత్రసాని. శాపం వల్ల నేల తాకకూడని రాజుగారి బిడ్డకు పురుడు పోసి, ఆ బిడ్డను ఎత్తి పట్టుకున్న స్త్రీ. నెల నిండిన పసికందులను తల్లిదండ్రులు ఆమె దగ్గరికే తీసుకువచ్చి మొక్కు చెల్లిస్తారు.

ఆ బిడ్డ ఆమె కన్న బిడ్డ కాదు. ఆమె ఒడిలో చచ్చిపోతున్నదే కన్నతల్లి. కడుపున కనకుండా బిడ్డను కాపాడే స్త్రీని ఊహించవలసి వచ్చినప్పుడు జానపద కల్పన ఆమెకు పేగులు, నెత్తురు తొడిగింది. జనరంజక సంస్కృతిలో క్వియర్ మాతృత్వానికి భయానక కథే ఎందుకు తొలి చిరునామా అయిందన్న ప్రశ్నకు నేను ఈ విగ్రహం దగ్గరే మొదలుపెట్టాలనుకుంటున్నాను.

ఈ పేటకు ఆ ప్రశ్న కొత్తది కాదు. ఈ ప్రాంతానికి పాతపేరు కండాంగ్ కెర్బౌ, మలయ్ భాషలో గేదెల కొట్టం. ఆ పేరుతోనే ఇక్కడ వెలసిన ప్రసూతి ఆసుపత్రిలో 1966లో ఒక్క ఏడాదిలోనే దాదాపు 40 వేల కాన్పులు జరిగాయి. ఒకే ఆసుపత్రిలో అన్ని జననాలు ప్రపంచంలో మరెక్కడా లేవని గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. 1971 జూలైలో అదే ఆసుపత్రిలో, జాఫ్నా మూలాలున్న ప్రసూతి వైద్యుడు ఎస్.ఎస్. రత్నం సింగపూర్‌లో తొలి లింగమార్పిడి శస్త్రచికిత్స చేశారు. 1983లో సింగపూర్‌లో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు జననానికి కారణమైన బృందానికి నాయకుడూ ఆయనే. స్త్రీగా మారడం, సంభోగం ప్రమేయం లేకుండా తల్లి కావడం: రెండు తలుపులూ ఒకే వైద్యుడు తెరిచాడు. ఆ రెండింటి నడుమ గోడను మాత్రం చట్టం అలాగే ఉంచింది. శస్త్రచికిత్స చేయించుకున్నవారు కొత్త లింగగుర్తింపుతో పెళ్ళి చేసుకోవచ్చని 1996లో ఒప్పుకుంది. ఐ.వి.ఎఫ్. చికిత్స మాత్రం పెళ్ళయిన దంపతులకే. 2023 జూలై నుంచి 21-37 ఏళ్ళ ఏ స్త్రీ అయినా తన అండాలను దాచుకోవచ్చు. వాడుకోవాలంటే పెళ్ళి కావాలి.

ఈ గోడకు ఒక దయ్యం రూపం ఉంది. మలయ్ జానపదంలో గర్భిణిగానో పురిట్లోనో పోయిన స్త్రీ పొంటియానక్ అవుతుంది. పురిట్లో పోయిన ఆడది దయ్యమవుతుందన్న మాట మన ఊళ్ళలోనూ విన్నదే. పొంటియానక్ కథలో విశేషం మేకు. మెడ వెనుక మేకు దిగ్గొడితే ఆ దయ్యం అందమైన, అణకువగల ఆడదిగా మారిపోతుంది. పెళ్ళాడవచ్చు, కాపురం చేయించుకోవచ్చు. మేకు ఊడితే మళ్ళీ దయ్యమే. భారతదేశం నుంచి వచ్చిన బి.ఎన్. రావు 1957లో కాథే-కెరిస్ సంస్థకు మరియా మెనాడో నాయికగా 'పొంటియానక్' తీసినప్పటి నుంచి ఈ కథ తెర దిగలేదు. 2019లో గ్లెన్ గోయీ, గావిన్ యాప్ మళ్ళీ తీశారు. పెళ్ళి అనే మేకు ఉంటే తల్లి, లేకపోతే పిశాచి అన్న తర్కాన్ని ఇంత సూటిగా చెప్పిన కథ ప్రాంతీయ సినిమాలో నాకు మరొకటి తోచదు.

తెలుగులో దీనికి దీటైన పాఠం 'కాంచన' (2011). రాఘవ లారెన్స్ తీసిన ఈ చిత్రం నాకు ఇష్టమైన సినిమా కాదని ముందే చెప్పాలి. అయినా దీన్ని ట్రాన్స్ స్త్రీ పగ కథగా మాత్రమే చదివి వదిలేయడం పొరపాటు. ఇది తల్లుల సినిమా. ఒక తల్లి కోవై సరళ పాత్ర: దయ్యాలంటే హడలిపోయే ఎదిగిన కొడుకును ఇంకా చంటివాడిలా సాకుతూ మనల్ని నవ్విస్తుంది. మరొక తల్లి శరత్‌కుమార్ వేసిన కాంచన: కన్నవాళ్ళు ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ స్త్రీ. తనలాగే వెలివేయబడిన గీత అనే ట్రాన్స్ బాలికను చేరదీసి, పెంచి, వైద్యం చదవడానికి విదేశాలకు పంపుతుంది. ఆసుపత్రి కోసం కొన్న స్థలాన్ని ఒక రాజకీయ నాయకుడు కబ్జా చేసి, ఎదురుతిరిగిన కాంచనను చంపేస్తాడు.

రెండు కథల మధ్య నడిచేది ఆవేశం. కాంచన పూనినప్పుడు రాఘవ గాజులు తొడుక్కుంటాడు, చీర కట్టుకుంటాడు. మొదటి సగంలో మనం నవ్వేది ఈ ఆడంగితనానికే. హాలంతా నవ్వుతుంది, దర్శకుడు నవ్వమనే చెబుతాడు. రెండో సగంలో అదే చీర, అవే గాజులు చూపించి ఏడవమంటాడు. నవ్వుకు క్షమాపణ చెప్పుకునే తీరిక సినిమా ఇవ్వదు. నాకున్న ప్రధానమైన ఆక్షేపణ ఇది.

కానీ గీతకూ కాంచనకూ మధ్య ఉన్నదాన్ని ఆ ఆక్షేపణ కొట్టిపారేయలేదు. బార్బరా క్రీడ్ 1993లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం, భయానక సినిమా స్త్రీని రాక్షసిగా చూపడం వెనుక కనే శరీరం పట్ల భయం ఉందని వాదించింది. గర్భం, నెత్తురు, మాయ. కాంచనకు గర్భం లేదు. ఇక్కడి భయం కనగలిగిన శరీరం గురించి కాదు, కనకుండానే తల్లి అయిన శరీరం గురించి. మనది యశోదను దేవకి కంటే ఎక్కువగా పాడుకున్న సాహిత్యం. పెంచిన తల్లి మనకు పరాయిది కాదు. అయితే యశోద పక్కన నందుడున్నాడు, ఇల్లుంది, వ్రేపల్లె ఉంది. అవేవీ లేని యశోదను తెలుగు తెర బతికుండగా ఎంతోసేపు భరించలేకపోయింది. చంపి, శక్తినిచ్చి, ఆ తర్వాతే గౌరవించింది. చివర్లో హంతకుడు గుడిలో దాక్కుంటాడు; దయ్యం గడప దాటలేదు. కాంచన అమ్మవారిని వేడుకుంటుంది, అమ్మవారు లోపలికి రానిస్తుంది. సినిమా మొత్తంలో నన్ను కదిలించిన ఘట్టం అదే. ఆ ఉగ్రదేవత పెరియాచ్చికి అక్కో చెల్లెలో అయివుండాలి.

ఈ భయాన్ని సినిమాయే పుట్టించిందనుకుంటే చరిత్రకు అన్యాయం. హైదరాబాదు రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, వచ్చిన చట్టం హిజ్రాలను బాలురను ఎత్తుకుపోయేవారుగా అనుమానించి, వారి పేర్లకు రిజిస్టరు పెట్టించింది. రిజిస్టరులోకెక్కిన హిజ్రా ఇంట్లో 16 ఏళ్ళ లోపు బాలుడు ఉండటమే నేరం. చీర కట్టి వీధిలో కనబడటమూ నేరమే. బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్ళి దీవించి బధాయి పుచ్చుకునే స్త్రీ ఒక బిడ్డను తన ఇంట పెంచుకుంటే జైలు. పిల్లలనెత్తుకుపోయే బూచి కథకు ప్రభుత్వముద్ర పడిన రూపం ఇది. వైజయంతి వసంత మొగిలి తదితరుల పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దీన్ని కొట్టివేసింది. అంటే 'కాంచన' విడుదలైన నాటికి, గీతలాంటి పిల్ల హైదరాబాదులో కాంచనలాంటి తల్లి దగ్గర పెరిగి ఉంటే, పుట్టుకలో రాసిన లింగాన్ని బట్టి ఆ చట్టం ఆ పిల్లను బాలుడిగానే లెక్కగట్టగలదు, తల్లిని నేరస్థురాలిగా నిలబెట్టగలదు. సినిమా రచయితలకు ఇది తెలిసి ఉండకపోవచ్చు.

దయ్యం లేని కథ తెలుగులో ఉంది. రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అనువదించారు. 2019 సంవత్సరానికి సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం దానికే వచ్చింది. అందులో గురువు తల్లి, చేలా కూతురు, గురువుకు గురువు నానీ. ఆ తల్లులు కొడతారు, తిండి పెడతారు, వాటా అడుగుతారు, అలుగుతారు. మాతృత్వం అక్కడ మహిమ కాదు, రోజువారీ గొడవ. 'కాంచన'లో నాకు లోటుగా తోచింది ఇదే. కాంచన గీతను ఒక్కసారైనా విసుక్కున్నట్టు మనకు గుర్తుండదు.

ఆ రోజువారీతనమే దయ్యం కంటే ఎక్కువ కలవరపెడుతుందేమో. 2014లో సింగపూర్ జాతీయ గ్రంథాలయ సంస్థ పిల్లల అరల నుంచి తీసేసి, పెద్ద వివాదం తర్వాత పెద్దల అరలోకి మార్చిన పుస్తకాల్లో 'ది వైట్ స్వాన్ ఎక్స్‌ప్రెస్' ఒకటి. చైనా నుంచి పాపలను దత్తత తెచ్చుకునే కుటుంబాల్లో ఇద్దరు స్త్రీల జంట కూడా ఉండటమే దాని తప్పు. 2022లో, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377ఎ సెక్షన్‌ను పార్లమెంటు రద్దు చేసిన ఏడాదే, పిక్సార్ వారి 'లైట్‌ఇయర్'కు అక్కడ 16 ఏళ్ళు నిండినవారికే అన్న ముద్ర పడింది. అందులో హాథార్న్ అనే వ్యోమగామి మరో స్త్రీని పెళ్ళాడుతుంది. కొడుకు పుడతాడు. భార్యను ముద్దుపెట్టుకుంటుంది. తల నెరుస్తుంది, వయసు మీరి కన్నుమూస్తుంది. ఆమె మనవరాలు ఆ తర్వాతి కథలో ముఖ్యపాత్ర.