గాలివాటం ఎరిగిన ఇల్లు

2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో టారెన్ అనే ఎద్దుతలల జాతికి పచ్చిక మైదానంలో ఓ పల్లె ఉంది. అక్కడి తోలు గుడారాలకు మూలం ఉత్తర అమెరికా మైదానాల తెగల టీపీ. పసిఫిక్ తీరపు తెగలు చెక్కే టోటెమ్ స్తంభాలనూ ఆ గేమ్ టారెన్లకే కట్టబెట్టింది. ఆటలో టీపీ ఒక అలంకారం. మైదానంలో మాత్రం దాని ప్రతి వంపుకూ ఓ పని ఉంది.

చూడగానే సిసలైన శంకువులా అనిపిస్తుంది గానీ, టీపీ కాస్త ఒరిగి ఉంటుంది. వెనకభాగం నిటారు, ముందుభాగం ఏటవాలు. గాలి ఎక్కువగా పడమటి నుంచి కొడుతుంది కాబట్టి వీపు అటు, వాకిలి తూర్పుకు. ముందుకు చాచిన వాసాలు గాలి తోపుకు ఎదురు ఆనుకుంటాయి. లకోటా, షయెన్ తెగలు మొదట మూడు వాసాలు కట్టి నిలబెడితే, బ్లాక్‌ఫుట్, క్రో తెగలు నాలుగు కడతాయి. మిగతా వాసాలు వాటి మీద ఆనుతాయి.

పొగ పోయే కంత దగ్గర రెండు రెక్కలుంటాయి. బయటి నుంచి రెండు పొడవాటి కర్రలతో వాటిని గాలివాటాన్ని బట్టి తిప్పుతారు, వానొస్తే మూసేస్తారు. లోపల వాసాలకు మరో తెర కడతారు. బయటి కప్పు అంచు కిందుగా దూరిన చల్లగాలి ఈ రెండు పొరల మధ్య పైకెక్కి, పొగను వెంటబెట్టుకుని పోతుంది. వాసాల వెంట జారిన వాననీళ్లు తెర వెనకే నేలలో ఇంకుతాయి.

ఈ విద్యంతా ఆడవాళ్లది. ఇల్లూ వాళ్ల సొత్తే. బైసన్ అనే అడవిదున్న తోలు మీది కొవ్వూ వెంట్రుకలూ గీకి, జంతువు మెదడు పులిమి, లాగి, నలిపి మెత్తన చేసేవారు. ఒక ఇంటికి సుమారు 12 నుంచి 18 తోళ్లు పట్టేవి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇల్లు కావలసినామె ఇరుగుపొరుగును పిలిచి, వాళ్లకు భోజనం పెట్టేది. చేయి తిరిగినామె కొలత చూసి కత్తిరిస్తే, మిగతావాళ్లు జంతువు స్నాయువుల దారంతో కుట్టేవారు. ఊరి ఐకమత్యం ఇలాంటి పనుల్లోనే గట్టిపడేది. పాతబడిన కప్పునూ పారేసేవారు కాదు. పొగపట్టిన తోలు తడిసి ఆరినా బిరుసెక్కదు కనుక, పైభాగం చెప్పులకు పనికొచ్చేది.

1870, 80 దశకాల్లో తోళ్ల వ్యాపారం కోసం సాగిన వేటలో బైసన్ మందలు తుడిచిపెట్టుకుపోయాయి. కుటుంబాలను రిజర్వేషన్లనే కేటాయింపు భూముల్లోకి నెట్టారు. తోలు స్థానంలో కాన్వాస్ వచ్చింది. కప్పు మారినా కత్తిరింపు మారలేదు. మోంటానాలో 1904లో మొదలైన క్రో ఫెయిర్ జాతరకు ఇప్పటికీ ప్రతి ఆగస్టులో వందలాది టీపీలు లేస్తాయి. ఈ విద్య మ్యూజియంలో దాచితే నిలిచేది కాదు. ఏటేటా వాసాలు ఎత్తి, కట్టి, మళ్లీ విప్పే కుటుంబాలున్నాయి కాబట్టే నిలిచింది.