తోలుతిత్తి

కాలిఫోర్నియాలో, పాలో ఆల్టో ఊరి పెద్దవీధి మీద స్టాన్‌ఫర్డ్ థియేటర్ అని ఒక సినిమాహాలు ఉంది. 1925లో కట్టింది. పాడుబడుతుంటే ప్యాకర్డ్ కుటుంబం వాళ్ళు తీసుకుని, మళ్ళీ పాతరూపానికి తెచ్చి, 1989లో తలుపులు తెరిచారు. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అల్లుడు నన్ను అక్కడ దింపేసి తన పని చూసుకుంటాడు. అక్కడ ఎక్కువగా పాత హాలీవుడ్ సినిమాలే వేస్తారు. ఇంట్లో నాకు తప్ప వాటి మీద ఎవరికీ మోజు లేదు. నిజానికి నేను వెళ్ళేదీ సినిమా కోసం కాదు, ఏడున్నర ఆటకి ముందు నడిచే కాసేపటి కోసం. తెర ముందు, గుర్రపునాడా ఆకారంలో ఉన్న పెద్ద బల్ల దగ్గర ఒకాయన కూర్చుని వాయిస్తుంటాడు. ఆట మొదలయ్యే వేళకి, వాయిస్తూ వాయిస్తూనే, బల్లతో సహా కిందికి దిగిపోతాడు, సురభి నాటకంలో మాయమయ్యే పాత్రలాగా.

ఆ బల్ల పేరు వర్లిట్జర్. థియేటర్ ఆర్గన్.

మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదని ఒప్పుకోవాలి. పాకం కారిపోతున్న లడ్డూ కొరికినట్టుంది. ప్రతి స్వరాన్నీ వణికించడానికి అందులో ట్రెములెంట్ అనే ఏర్పాటు ఒకటుంది, గాలినే కుదిపేస్తుంది. చర్చిల్లో నిలకడైన ఆర్గన్ విన్నవాళ్ళు ఈ వణుకు విని ముఖం చిట్లించారంటే తప్పు పట్టలేం. కానీ రెండోసారి వెళ్ళినప్పుడు ఇంకొకటి చెవిన పడింది. పాట ఎత్తుకునే ముందు ఎక్కడో గోడ వెనక గాలి నిండుతున్న చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. మా మేనమామ తెనాలిలో పద్యనాటకాలకి లెగ్ హార్మనీ వాయించేవాడు. కృష్ణుడు నోరు తెరవకముందే మామయ్య పాదాలు రెండూ కదిలేవి. "ముందు తిత్తి నిండాల్రా, తరవాతే రాగం" అనేవాడు. ఆ పెట్టెలో పలికేది రీడ్లు, ఇక్కడ పలికేది గొట్టాలు. అంతే తేడా. ఊపిరి తీసుకునే తీరు ఒకటే.

దీన్ని కనిపెట్టిన మనిషి వృత్తిరీత్యా సంగీతకారుడు కాదు, టెలిఫోన్ ఇంజినీరు. ఇంగ్లండులో పుట్టిన రాబర్ట్ హోప్-జోన్స్. మెట్టు నొక్కడం అంటే గొట్టానికి ఫోన్ చెయ్యడం లాంటిదేనని ఆయనకి తట్టింది. అక్కడ వేలు పడితే తీగలో కరెంటు పారాలి, ఇక్కడ అయస్కాంతం లాగాలి, గాలి తన పని తాను చేసుకోవాలి. అలా అయితే వాయించే బల్ల ఎక్కడైనా పెట్టుకోవచ్చు, లిఫ్టు మీదైనా సరే. ఆయన 1903లో అమెరికా వెళ్ళాడు. కంపెనీ పెట్టాడు, నడపలేకపోయాడు, 1910లో తన పేటెంట్లతో సహా వర్లిట్జర్ కంపెనీ వాళ్ళకి అమ్ముకున్నాడు. వాళ్ళతో పొసగలేదు. 1914లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ వాద్యం ఊరూరా మోగిన రోజులు ఆయన చూడనేలేదు.

ఆయన చేసిన రెండో మాయ నాకు ఇంకా ఇష్టం. చర్చి ఆర్గన్‌లో ఒక్కో ధ్వనికి ఒక్కో వరస గొట్టాలు విడిగా ఉండాలి. హోప్-జోన్స్ ఒకే వరసని నాలుగైదు చోట్ల వాడుకునేలా తీగలు కలిపాడు. మన నాటక సమాజాల్లో మొదటి అంకంలో మంత్రి అయినవాడే మూడో అంకంలో మునీశ్వరుడవుతాడు కదా, అలాగన్నమాట. పది వరసల గొట్టాలతో పెద్ద వాద్యబృందం కూర్చున్నట్టు భ్రమ కలిగించవచ్చు. దానికి తోడు గోడ వెనక నిజం డ్రమ్ములు, నిజం జైలోఫోన్, పక్షికూత, రైలుకూత, కారు హారన్, గుర్రపు డెక్కల చప్పుడు, అన్నీ గాలితోనే. మూకీ సినిమాలో గుర్రం పరిగెత్తితే వాయించేవాడు ఒక మీట నొక్కితే చాలు.

ఇందులో అందరూ దాటేసే సంగతి ఒకటుంది. ఈ వాద్యం పుట్టింది కళ కోసం కాదు, జీతాల లెక్క కోసం. హాలు యజమానికి ప్రతిరోజూ వాద్యబృందం మొత్తానికి డబ్బివ్వడం బరువు. ఒక్కడు వాయిస్తే ఒక్క జీతంతో సరి. న్యూయార్క్ రాష్ట్రంలో, నార్త్ టోనవాండా అనే ఊళ్ళో ఉన్న వర్లిట్జర్ కర్మాగారం రెండువేల పైచిలుకు ఆర్గన్లు తయారుచేసింది. మంచి ఊపు మీదున్న 1926లో రోజుకొకటి చొప్పున బయటికి పంపింది. ఆ మరుసటేడు అక్టోబరులో, తెర మీద మాటలు వినిపించిన 'ది జాజ్ సింగర్' విడుదలైంది. వాద్యగాళ్ళ పొట్టకొట్టిన యంత్రం పొట్టని ఇరవయ్యేళ్ళు తిరక్కుండా మాటల సినిమా కొట్టింది. ఆ వెనకే 1929 ఆర్థిక సంక్షోభం కూడా వచ్చిపడింది.

తరవాతి కథ ఎక్కువగా మూటాముల్లె సర్దుకోవడమే. కొన్ని చెత్తకింద పోయాయి, కొన్ని చర్చిలు కొనుక్కున్నాయి. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో పారామౌంట్ థియేటర్‌లో జెస్సీ క్రాఫర్డ్ వాయించి పేరు తెచ్చిన వర్లిట్జర్ ఇప్పుడు కాన్సస్‌లో, విచిటా ఊరి సభామందిరంలో ఉంది. కొన్ని ఏకంగా పిజ్జా కొట్లకి చేరాయి. నవ్వకండి. ఆరిజోనాలో, మెసాలో ఆర్గన్ స్టాప్ పిజ్జా అని ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. 1927లో డెన్వర్ సినిమాహాలుకి చేసిన వాద్యాన్ని పెంచుకుంటూ పోయి దాదాపు ఆరువేల గొట్టాలకి తెచ్చారు. ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళే ఉంటారు. పిజ్జా ముక్క చేత్తో పట్టుకుని వినే సంగీతానికి గౌరవం తక్కువని గొణిగేవాళ్ళున్నారు. వాళ్ళ మాట నాకు పట్టదు. పలుకుతోందా లేదా, అదే చూసుకుంటాను.

పలకడం ఎందుకంత కష్టమో ఒక శనివారం తెలిసింది. ఇంకో ఊళ్ళో, ఒక పాత హాలులో జీతంలేకుండా పనిచేసే నలుగురు పెద్దమనుషులు నన్ను గొట్టాల గదిలోకి రానిచ్చారు. చూస్తే అందరూ రిటైరైన ఇంజినీర్లే, సంగీతం వాళ్ళు ఒక్కరూ లేరు. గదిలో పెన్సిలంత గొట్టం పక్కన నిలబెట్టిన తూములాంటి చెక్క గొట్టం. ముందువైపు కిటికీ రెక్కల్లాంటి పలకలు, వాయించేవాడి కాలు కదిలితే అవి తెరుచుకుని ధ్వని హాల్లోకి పొంగుతుంది. చర్చిలో మూడంగుళాల నీటిమట్టం ఎత్తేపాటి ఒత్తిడితో పంపే గాలిని ఇక్కడ పది, పదిహేను అంగుళాల ఒత్తిడితో తోస్తారు. అన్నిటికీ అడుగున, ప్రతి గొట్టం కిందా, బొటనవేలి గోరంత తోలు సంచి ఒకటి. కరెంటు రాగానే అది ముడుచుకోవాలి, వేలు తియ్యగానే ఉబ్బాలి. అలాంటివి వందలూ వేలూ. ఇనుముకీ కర్రకీ సీసానికీ అంత తొందరగా ఏమీ కాదు. తోలే ముసలిదవుతుంది. నలభై, యాభై ఏళ్ళకి ఎండి, చిట్లి, గాలి కారిపోతుంది. ఈ దేహమూ ఒక తోలుతిత్తేనని మన తత్త్వాలు పాడేవాళ్ళు ఊరికే అన్నారా!

ఆ నలుగురిలో పెద్దాయన ఒక్కో సంచీ ఊడదీసి, పలచటి గొర్రెతోలు కత్తిరించి, వేడి జిగురుతో అంటిస్తున్నాడు. జంతువుల చర్మం ఉడకబెట్టి తీసే పాతకాలపు జిగురు. ఇప్పుడు గట్టి జిగుర్లు చాలా ఉన్నాయి కదా అన్నాను. అందుకే వాడను అన్నాడు. ఇంకో యాభై ఏళ్ళకి ఎవడో ఒకడు మళ్ళీ దీని ముందు కూర్చుంటాడు, వాడు ఆవిరి పట్టి సులువుగా ఊడదీసుకోవాలి, కర్ర పాడవకూడదు. తనకంటే ముందు పనిచేసినవాడు అలాగే చేసి పెట్టాడట. 1960ల్లో కొందరు ఆర్గన్ తయారీదార్లు తోలు బదులు ప్లాస్టిక్ పొర వాడి చూశారు, కొద్ది ఏళ్ళకే పగిలిపోయింది.

అమెరికాలో ఇలాంటి పిచ్చివాళ్ళు 1955లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. అట్లాంటాలో ఫాక్స్ థియేటర్‌లో ఉన్న 3,622 గొట్టాల మోలర్ ఆర్గన్‌ని జో ప్యాటన్ అనే ఆయన 1963లో మళ్ళీ పలికించాడు. పది పన్నెండేళ్ళకి ఆ హాలునే పడగొట్టి తన ఆఫీసు కట్టుకుంటానని వచ్చింది ఎవరనుకున్నారు? ఒక టెలిఫోన్ కంపెనీ! టెలిఫోన్ మనిషి ఊహలోంచి పుట్టిన వాద్యానికి టెలిఫోన్ చేతుల్లోనే గండం. ఊరు అడ్డం పడి ఆపింది. తరవాత ప్యాటన్ ఆ హాలులోనే ఒక ఇల్లు ఏర్పాటు చేసుకుని చివరిదాకా అక్కడే ఉన్నాడు.

ఇంగ్లండులో బ్లాక్‌పూల్ టవర్ వాళ్ళకి ఈ తిప్పలు తక్కువ. అక్కడ వర్లిట్జర్‌కి జనం ఇప్పటికీ డాన్సు చేస్తారు. రెజినాల్డ్ డిక్సన్ అక్కడ 1930లో వాయించడం మొదలుపెట్టి 1970లో విరమించాడు. రోజూ పని ఉన్న వాద్యాన్ని ప్రత్యేకంగా కాపాడక్కర్లేదు.

మొన్న ఆట అయ్యాక అల్లుడి కారు కోసం ఎదురుచూస్తూ తెనాలికి ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి పది, అక్కడ పొద్దున పదిన్నర. మామయ్య కొడుకు ఎత్తాడు.

"ఒరే, నాన్న హార్మనీ ఉందా?"

"ఉంది బావా, దాని మీద ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టాం."

"దించి, ఒకసారి తొక్కి చూడరా."

విసుక్కోకుండా ఎవర్నో పిలిచి దించాడు. స్పీకర్ పెట్టాడు. చెక్క కిర్రుమంది. తరవాత గాలి, ఎక్కడెక్కడి నుంచో కారిపోతున్న గాలి.

"మెట్టు నొక్కావా?"

"నొక్కే ఉంచాను బావా."