సిల్క్ అనే పేరు, స్మిత అనే నటి

ఈమధ్య చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర ఒక సాహిత్య విద్యార్థిని నన్నడిగింది: "మాస్టారూ, సిల్క్ స్మితను నటి అనవచ్చునా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తటపటాయింపే ఈ వ్యాసానికి కారణం.

ఏలూరు దగ్గర కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి మద్రాసు చేరి, తారల ముఖాలకు టచప్ చేస్తూ పరిశ్రమలో అడుగుపెట్టింది. 1980 నాటి తమిళ చిత్రం 'వండిచక్కరం'లో ఆమె పాత్ర పేరు సిల్క్. పాత్ర పేరు నటికి అంటుకోవడం కొత్త కాదు. కాని ఇక్కడ పేరుతోపాటు ధరా అంటుకుంది. ఆ పేరు పోస్టరు మీద ఉంటే పంపిణీదారుకు భరోసా. ఒక్క పాట చాలు, పాత్రతో పనిలేదు.

మరుసటి ఏడే, 1981లో, భారతీరాజా 'సీతాకోక చిలుక' తీశాడు. హిందూ యువకుడు, క్రైస్తవ యువతి ప్రేమకథ. యువతి అన్నగా శరత్‌బాబు, అతని భార్యగా స్మిత. మొగుడి అహంకారం కింద అణగి బతికే ఇల్లాలి పాత్ర అది. ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. శరత్‌బాబుకు నంది వచ్చింది. నేనూ దానిమీద రాశాను. మతం గురించి, ప్రేమ గురించి పేజీలు నింపాను. స్మిత గురించి ఒక్క వాక్యం రాయలేదు.

1982లో బాలు మహేంద్ర 'మూండ్రాం పిరై' ('వసంత కోకిల')లో ఆమెది వయసుమళ్ళినవాడి పడుచు భార్య పాత్ర. ఆ పాటలోని నాట్యం అందరికీ గుర్తుంది. ఆ స్త్రీ ఒంటరితనం ఎవరికీ గుర్తులేదు.

కనుక శక్తి చాలక ఆమె ఆగిపోయిందనడం అబద్ధం. వ్యాపార సినిమా స్త్రీని రెండు ముక్కలు చేసి, నాయికకు శీలాన్నీ నర్తకికి శరీరాన్నీ పంచింది. ఆ గోడ దాటితే సరుకు విలువ పడిపోతుందని దాని భయం. మనం చేసిందేమిటి? అశ్లీలత పేరుతో తెరమీద కనబడే మనిషిని తిట్టాం. కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించినవాళ్ళను, లాభం పంచుకున్నవాళ్ళను వదిలేశాం.

ఆమె ఇష్టపడే చేసింది కదా అనేవారున్నారు. కూలికి కుదిరినవాడి ఇష్టాన్ని ఎలా లెక్కగడతామో, దీన్నీ అలాగే లెక్కగట్టాలి. అలాగని ఉత్త బాధితురాలిని చేసి జాలిపడటమూ తప్పే. అప్పుడు కూడా ఆమె నటనను చూడకుండా తప్పించుకున్నట్టే.

1996 సెప్టెంబరు 23న ఆమె మరణించింది. ఆమె జీవితాన్ని తలపించే 'ది డర్టీ పిక్చర్' 2011లో ఆమె పుట్టినరోజైన డిసెంబరు 2నే విడుదలైంది. విద్యాబాలన్‌కు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆ నటన మీద నాకు తగాదా లేదు. కాని స్మిత బతుకును మరొకరు అభినయిస్తే నటన అయింది. స్మిత అభినయిస్తే ఒళ్ళు మాత్రమే అయింది.

ఆ విద్యార్థినికి నా జవాబు ఇది: అనవచ్చు, అనాలి. 'సీతాకోక చిలుక' మళ్ళీ చూడమ్మా. ప్రేమికులను కాసేపు వదిలి ఆ ఇంట్లోని వదినను చూడు. నేను రాయని వాక్యం నువ్వు రాయి.