డిస్కస్ గుడ్డుకు ఏ నీళ్లు?

తెల్లబడ్డ గుడ్డు ఇక పిల్ల కాదు. ఈ వారం కూకట్‌పల్లిలో ఒక కుర్రాడింట్లో డిస్కస్ చేపల జంట పెట్టిన గుడ్లు చూశాను. బోర్లించిన మట్టి కుండీ మీద ఆవగింజంత గుడ్లు వరుసలు తీరి ఉన్నాయి. టార్చి వేస్తే లేత తేనెరంగులో మెరవాల్సినవి సగానికి పైగా పాలతెలుపు తిరిగాయి. తల్లి మాత్రం వాటికి రెక్కలతో విసురుతూనే ఉంది. “ప్రతిసారీ ఇంతే సార్. మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ సాఫ్ట్‌నర్ ఉంది. చాలదేమోనని చేపల షాపతను ఇంకో చిన్నది కూడా ఇచ్చాడు” అన్నాడు.

ఆ షాపతని మీద నాకు కోపం వచ్చింది. ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ నీళ్లలోంచి కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి బదులు సోడియం వదులుతుంది. గీజర్‌లో సున్నం పేరుకోదు, సబ్బు నురగ వస్తుంది. కానీ నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం తగ్గదు. కుర్రాడి టీడీఎస్ మీటరు ముంచి చూశాం. సాఫ్ట్‌నర్‌కు ముందు 900, తర్వాత కూడా 900 పైనే. బైకార్బొనేట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి పీహెచ్ కూడా కిందికి దిగలేదు. డిస్కస్ పుట్టిన అమెజాన్ వైపు నీళ్లలో లవణాలు అతి తక్కువ, పీహెచ్ 7 కన్నా కిందే. అదే చేప మన బోరు నీళ్లలో ఏళ్ల తరబడి బతకగలదు, జత కట్టగలదు, గుడ్లు కూడా పెట్టగలదు. ఆ గుడ్లు పిల్లలు కావాలంటే మాత్రం టీడీఎస్ 100 దరిదాపుల్లో ఉండాలి. మన తాగునీటి ప్రమాణం నీళ్ల కఠినత్వానికి, అంటే కాల్షియం, మెగ్నీషియంలకు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మంచిదంటుంది, వేరే నీళ్లు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటుంది. మనిషికి సరిపోయిన నీళ్లు గుడ్డుకు సరిపోతాయనుకోవడానికి లేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు: నీళ్లు చూసి చేపను కొనండి. బోరు నీళ్లవాళ్లు గప్పీలు, మోలీలు, మలావి సరస్సు సిక్లిడ్లు పెంచుకుంటే ఏ యంత్రమూ అక్కర్లేదని పోయిన ఎండాకాలం రాశాను. లవణాలనే వడకట్టే ఆర్వో యంత్రాల మీద నాకున్న కోపం కూడా మీకు కొత్త కాదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట వాటిని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించినప్పుడు ఇక్కడే మెచ్చుకున్నాను. లీటరు నీళ్ల కోసం మూడు లీటర్లు కాలువపాలు చేసే యంత్రం ఇంటింటా ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లంటే నా మనసు మా ఊరి చెరువు మీదికే పోతుంది. మృగశిర కార్తె వెళ్లాక మొదటి పెద్దవాన పడ్డ రాత్రి మా నాన్న లాంతరు పట్టుకుని చెరువులో వాగు కలిసేచోటికి తీసుకెళ్లేవాడు. ఎర్రటి కొత్తనీరు వాగులోంచి చెరువులోకి దూకుతుంటే పరిగెలు, జెల్లలు గుంపులుగా ఎదురెక్కేవి. మడిమల లోతు నీళ్లలో, గరిక మీద, పక్కకు వాలి కొట్టుకుంటూ ముందుకు పోయేవి. “గుడ్డు పెట్టడానికి పోతున్నాయిరా, దారికి అడ్డం రాకు” అనేవాడు నాన్న. పట్టుకునేవాళ్లు పట్టుకుంటూనే ఉన్నా, ఆయన మాత్రం ఆ ఒక్క రాత్రి వల ముట్టేవాడు కాదు. నెల తిరిగేసరికి చెరువు అంచున వేలెడు పిల్లలు కనపడేవి.

బొచ్చె, శీలావతి లాంటి పెద్ద చేపలదీ అదే తీరు. నిలవ నీళ్లలో ఎంత పెంచినా గుడ్డు విడవవు. బెంగాల్‌లో వాననీటిని కట్టలతో ఆపి, వరద వచ్చిందని చేపకు అనిపించేలా చేసేవారు. చేప ఆ పట్టు విడిపించింది శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, ఆలికున్హి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి మన పెద్దచేపల చేత గుడ్డు పెట్టించారు. దేశంలో ఏటా జూలై 10న చేపరైతుల దినం జరుపుకునేది అందుకే. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లోకి ఇవాళ పిల్ల ఎప్పుడంటే అప్పుడు దొరుకుతోందంటే ఆ రోజు పుణ్యమే. అక్వేరియం వాళ్లం ఇంజెక్షన్లు వాడం. కోరిడోరస్ తొట్టిలో సగం నీళ్లు తీసి చల్లటి మెత్తటి నీళ్లు పోస్తాం, అంతే. చాలాసార్లు తెల్లారేసరికి అద్దానికి గుడ్లు అంటుకుని ఉంటాయి.

అందుకే ఆ కుర్రాడికి వాననీళ్లే పట్టుకోమని చెప్పాలని నోటిదాకా వచ్చింది. లెక్క కూడా అందంగా ఉంటుంది: 10 చదరపు మీటర్ల రేకు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 100 లీటర్లు. మొదటి పదిహేను నిమిషాల వాన వదిలేసి పట్టుకోవాలి, సిమెంటు తొట్టిలో కాక ప్లాస్టిక్ డ్రమ్ములో దాచాలి. కానీ ఐదో అంతస్తు ఫ్లాటు కుర్రాడికి రేకు ఎక్కడుంది? పైగా డిస్కస్ జంట వారం పది రోజులకోసారి గుడ్లు పెడుతుంది, వాన వచ్చేదాకా ఆగదు. అతనికి ఆర్వోయే కావాలి. ఈ మాట రాస్తున్నది ఆర్వోను ఇన్నాళ్లూ తిట్టిన చెయ్యే. 900 టీడీఎస్ ఉన్నచోట అది అవసరం.

పారబోత సంగతి కూడా లెక్క కడదాం. నాలుగు లీటర్లలో ఒకటి మంచినీరై, మూడు బయటికి పోతే, ఆ మూడింటిలో లవణాలు మూడో వంతు మాత్రమే పెరుగుతాయి. అంటే 900 కాస్తా 1200 అవుతుంది. నేరుగా బోరు నుంచి వచ్చినవైతే మోలీలు ఆ నీళ్లలో హాయిగా పిల్లలు పెడతాయి. సాఫ్ట్‌నర్ దాటి వచ్చినవైతే సోడియం ఎక్కువ కాబట్టి చేపలకూ మొక్కలకూ వద్దు, గదులు తుడవడానికి వాడండి.

ఇంకో నాలుగు జాగ్రత్తలు. వంటింటి ఆర్వోలో టీడీఎస్ కంట్రోలర్, మినరల్ క్యాట్రిడ్జ్ ఉంటాయి, వాటికి ముందే నీళ్లు పట్టుకోవాలి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, కార్బన్ ఫిల్టర్ మార్చడం మరవకండి. ఒట్టి ఆర్వో నీళ్లు మాత్రం తొట్టిలో పోయకండి. చేపల అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా బైకార్బొనేట్లను ఖర్చు చేస్తుంది, అవి లేకపోతే పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. 50 టీడీఎస్‌కు దిగిన ఆర్వో నీళ్లు 20 లీటర్లకు ఒక లీటరు బోరు నీళ్లు కలిపితే 90 వస్తుంది, అది చాలు. ఇక ఫిల్టరు సంగతి. పెద్ద క్యానిస్టర్ పిల్లల్ని లాగేస్తుంది. గాలి బుడగలతో నడిచే స్పాంజి ఫిల్టరు కొనండి, పాత తొట్టిలో నెల రోజులు నాననిచ్చి, బాక్టీరియా పట్టాకే పిల్లల తొట్టిలోకి మార్చండి.

సాఫ్ట్‌నర్ గీజర్‌కు మంచిది, బట్టలకు మంచిది. గుడ్డు పొదగడానికి పనికిరాదు. చేపల షాపుల వాళ్లకు నా విన్నపం ఒక్కటే: యంత్రం అమ్మే ముందు కొనేవాళ్ల ఇంటి నీళ్లలో ఒకసారి మీటరు ముంచి చూడండి.